కొత్త పింగాణీ బొమ్మ తీరు తేలేది అచ్చు కోసే బల్ల మీదే

ఇంగ్లండ్‌లో స్టోక్-ఆన్-ట్రెంట్, డెర్బీల పింగాణీ కార్ఖానాలు సేకర్తల కోసం కొత్త బొమ్మ తెచ్చినప్పుడల్లా కేటలాగులో డిజైనర్ స్కెచ్‌కే పెద్దపీట. కానీ ఆ బొమ్మ చెయ్యి చాపాలా, ఒంటికి ఆనించుకోవాలా అన్నది తేల్చేది అచ్చు కట్టేవాళ్లు.

ముందు మట్టి సంగతి. ఈ బొమ్మలకు వాడే బోన్ చైనా అనే పింగాణీలో సగం పశువుల ఎముకలు కాల్చిన బూడిద. మిగతా సగంలో కార్న్‌వాల్ తెల్ల మట్టి ఒక పాలు, అక్కడి రాతి పొడి ఒక పాలు. 1790ల్లో స్టోక్‌లో పింగాణీ చేసే స్పోడ్ కుటుంబం కుదిర్చిన ఈ పాళ్లు ఇప్పటికీ పెద్దగా మారలేదు. తెల్లదనమూ, వెలుతురుకు పట్టి చూస్తే వేళ్ల నీడ కనిపించడమూ ఆ బూడిద చలవే. అయితే మొదటి కాల్పులో, 1,220-1,250 డిగ్రీల దగ్గర, ఇది మెత్తబడి ఒంగుతుంది, సుమారు 12 శాతం కుదించుకుపోతుంది. 16 సెంటీమీటర్ల బొమ్మ కావాలంటే మూలరూపం 18 దాటాల్సిందే.

మూలరూపం సిద్ధమయ్యాక దాన్ని ముక్కలుగా కోస్తారు. ప్లాస్టర్ అచ్చు నేరుగా వెనక్కి ఊడిరావాలి. గడ్డం కిందో, చంక కిందో పట్టేస్తే రాదు. అందుకే తల, చేతులు, గొడుగు దేనికది విడి అచ్చు. ప్రతి ముక్కా మరో అతుకు, మరో గంట పని. పాతకాలపు పింగాణీ దొరసానుల చేతులు గౌనుకే అంటుకుని, ఆ గౌను నేల దాకా జీరాడుతూ ఉండటం ఒట్టి ఫ్యాషన్ అనుకోలేం. కాల్పులో ఆసరా లేకుండా నిలబడేది అలాంటి ఆకారమే.

పోత పోసే చోట గంజిలా జారే మట్టి ద్రావణాన్ని అచ్చులో నింపుతారు. నీళ్లు ఎక్కువ కలపకుండానే పలచబడేందుకు అందులో కొద్దిగా సోడియం సిలికేట్ ఉంటుంది. ప్లాస్టర్ తడి పీల్చేకొద్దీ గోడ కడుతుంది. కొన్ని నిమిషాలయ్యాక మిగిలింది ఒంపేస్తారు. మొండెం తడిగా, చెయ్యి కాస్త ఆరి ఉన్నప్పుడు అతికిస్తే అతుకు దగ్గర వెంట్రుకవాసి చీలిక. లోపల గాలి బయటికి పోయే సూదిబెజ్జం మరిచిపోతే బొమ్మ బట్టీలో పగులుతుంది. చాచిన చేతికి ఊతంగా పెట్టే పుల్లలు కూడా అదే మట్టితో చెయ్యాలి, బొమ్మతో పాటే కుదించుకోవాలి కదా. అవి అంటుకోకుండా అల్యూమినా పొడి చల్లుతారు. అన్నిటికన్నా విసిగించేది అచ్చు కలిసిన చోట పడే గీత. పచ్చిమట్టి మీద నున్నగా గీకేసినా కాల్చాక మళ్లీ తేలుతుంది, మట్టికి జ్ఞాపకశక్తి ఉన్నట్టే.

గాజులా మెరిసే గ్లేజు పూత వేసి కాల్చాక రంగులు. ఎక్కువ వేడి తట్టుకునేవి ముందు, బంగారం చివర. కాగితం మీద అచ్చేసి బొమ్మకు అతికించే డెకాల్ ప్రింటు కింద నీటిబొట్టు మిగిలితే అక్కడ రంగు లేచిపోయి చిల్లు పడుతుంది.

ఈ పరిమితులన్నిటినీ మంచి డిజైన్‌గా మలచిన ఉదాహరణ డెర్బీలోని రాయల్ క్రౌన్ డెర్బీ కార్ఖానా పేపర్‌వెయిట్లు. 1981లో డిజైనర్ రాబర్ట్ జెఫర్సన్ ఆరు జీవులతో మొదలుపెట్టారు: గుడ్లగూబ, బాతు, కుందేలు, పెంగ్విన్, పూరేడు, రెన్ పిట్ట. బయటికి పొడుచుకొచ్చే కాలూ చెయ్యీ లేవు, ముద్దగా ఉంటాయి. ఆ గుండ్రటి ఒంటి మీద నీలం, ఇటుక ఎరుపు, బంగారు రంగుల ఇమారీ అనే జపాన్ తీరు నగిషీకి కావలసినంత చోటు. ద్రావణం ఒంపిన బెజ్జాన్ని మూసే బిరడాయే తర్వాత బంగారు రంగు దిద్దుకుని సేకర్తలు వెతికే గుర్తయింది.

'కొత్తది' అనే మాటను మాత్రం కొంచెం అనుమానంగానే చూడాలి. రాయల్ డౌల్టన్ అనే ఇంగ్లిష్ కంపెనీ బొమ్మల అడుగున 1913 నుంచి వచ్చిన హెచ్ఎన్ నంబరు రంగులద్దే విభాగం పెద్ద హ్యారీ నిక్సన్ పేరు మీద పుట్టింది. అదే అచ్చుకు గౌను రంగు మారిస్తే మరో నంబరు. అందులో మోసమేమీ లేదు, అచ్చు ఖర్చు అలాంటిది. నాకు నచ్చనిది 'ఇన్ని కాల్పు దినాలకే పరిమితం', అంటే బట్టీలో ఇన్ని రోజులే కాలుస్తాం అనే ప్రకటన. రోజుకు ఎన్ని ముక్కలు కాలుస్తారో చెప్పకపోతే అది లెక్కే కాదు.

పరిమిత సంఖ్యలో చేసే బొమ్మల అడుగున వేసే వరస నంబరు చిన్నదైతే పోత కూడా ముందుదే అనుకోవడం మరో భ్రమ. ప్లాస్టర్ ప్రతి పోతకూ కొంత అరుగుతుంది, కొన్ని పదుల పోతల తర్వాత అచ్చు మార్చాల్సిందే. నంబరు వేసేది మాత్రం అలంకరణ అయ్యాకే. కొనే ముందు అడుగున అంకె చూసేకన్నా వేళ్ల మధ్య సందు, చెవి మడత, జుట్టు పాయలు చూడండి. అవి మొద్దుబారి ఉంటే ఆ పోత అరిగిన అచ్చులోంచి వచ్చినట్టే.