వల లాగినవాడికి వాటా ఏది?

కాకినాడ రేవులో మరబోటు వల విప్పితే రొయ్యలు ఒక బుట్టలోకి, చేపలు ఇంకో బుట్టలోకి పోతాయి. వాటితో అప్పుడప్పుడు కొట్టుకొచ్చే స్పాంజి ముద్దను మాత్రం కాలితో పక్కకు నెట్టేస్తారు. మెత్తగా, బురదోడుతూ, ముక్కు మూసుకునేంత కంపు. దాన్ని ఎవరు కొంటారు?

కొనేవాళ్లున్నారు. స్పాంజి సముద్రం అడుగున అతుక్కుని బతికే జీవి. కదల్లేదు, కరవలేదు. తనను తినొచ్చే జీవాలను రసాయనాలతోనే తరిమికొడుతుంది. మందుల వేటగాళ్లకు కావాల్సింది ఆ రసాయనాలే. కరీబియన్ స్పాంజిలో 1950ల మొదట్లో బయటపడ్డ పదార్థాలు దారి చూపితే రక్త క్యాన్సర్ మందు సైటరబిన్ తయారైంది. 1969లో అమెరికా దాన్ని అనుమతించింది. జపాన్ స్పాంజిలో 1986లో దొరికిన హాలికోండ్రిన్-బి ఆధారంగా రొమ్ము క్యాన్సర్‌కు ఎరిబులిన్ వచ్చింది. మన కేంద్రం కూడా 2021లో రూ.4,077 కోట్లతో సముద్ర లోతులను శోధించే డీప్ ఓషన్ మిషన్ ప్రకటించింది. సముద్ర జీవుల్లో పనికొచ్చే పదార్థాల వేట అందులో భాగమే. వెతకాల్సిందే, మందులు రావాల్సిందే. మరి వల లాగినవాడి వాటా సంగతేమిటి?

ఇక్కడి జీవవనరులతో సంపాదించే లాభంలో స్థానికులకు న్యాయమైన వాటా ఇవ్వాలని 2002 జీవవైవిధ్య చట్టం అంది. స్థానిక జీవవైవిధ్య కమిటీలను సంప్రదించాలంది. అంతర్వేదిలోనో భైరవపాలెంలోనో వేటకెళ్లేవాళ్లను కూర్చోబెట్టి ఈ మాట చెప్పే బాధ్యత ఎవరు తీసుకున్నారు? పైగా ఆ చట్టాన్ని మీరినవాళ్లకు 2023 సవరణలో జైలు శిక్ష ఎత్తేసి జరిమానాతో సరిపెట్టారు. నిబంధనలు బిగిస్తే పరిశోధనకు అడ్డమని కొందరి వాదన. నమూనా ఏ నీళ్లలో, ఏ బోటు వలలో దొరికిందో ఒక పుస్తకంలో రాస్తే ఆగిపోయే పరిశోధన ఏముంటుంది?

పసుపుతో గాయాలు మాన్పడంపై 1995లో అమెరికా ఇచ్చిన పేటెంట్‌ను 1997లో రద్దు చేయించుకున్నామని ధీమా పడొద్దు. పసుపుకు పాత గ్రంథాలు సాక్ష్యం చెప్పాయి. స్పాంజిలోని కొత్త పదార్థానికి ఏ గ్రంథం చెబుతుంది? రేవులో రాసుకున్న ఆ ఒక్క పద్దే దిక్కు. అది లేకపోతే రేపు వాటా అడిగే నోరే ఉండదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజుల్లో మరబోటు కదిలితే పట్టుకోవడానికి అధికారులకు చట్టం గుర్తుంటుంది. అదే మత్స్యకారుడికి వాటా ఇమ్మన్న చట్టం ఎందుకు గుర్తుండదు? ముందు ప్రతి రేవులో ఆ పుస్తకం తెరవండి. నమూనాలు ఆ తర్వాత పట్టుకెళ్లండి.