పిల్‌గ్రిమ్స్ విందు కథ మొదట చెప్పిందెవరు?

నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండగ వచ్చిందంటే అమెరికాలో చాలా స్కూళ్ళలో ఇప్పటికీ అదే కథ. పిల్‌గ్రిమ్స్ అనే ఇంగ్లీషు వలసవాళ్ళు ఓడలో వచ్చారు, ఇండియన్స్ (అక్కడి ఆదివాసులు) మొక్కజొన్న వెయ్యడం నేర్పారు, అందరూ కూర్చుని టర్కీ తిన్నారు. అక్కడున్న మనవాళ్ళు చదువుకున్నది పానిపట్టు, ప్లాసీ కాబట్టి పిల్లలు ఏం చెప్తే అదే అనుకుంటారు, లేదంటే ఏదో రీల్ చూసి "అదంతా ఫేక్ రా" అని తేల్చేస్తారు. నన్నడిగితే రెండూ ఒకటే, రెండింట్లోనూ పిల్లాడి పని వినడమే. వాడికి అలవాటు చెయ్యాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది మొదట ఎవరు రాశారు, జరిగిన ఎన్నేళ్ళకి రాశారు?

1621 విందు గురించి అక్కడే ఉన్న ఎడ్వర్డ్ విన్‌స్లో అనే పిల్‌గ్రిమ్ ఉత్తరంలో నాలుగు ముక్కలున్నాయి. వాంపనోగ్ అనే ఆదివాసీ తెగ నాయకుడు మసాసోయిట్ దాదాపు 90 మందితో వచ్చాడు, మూడు రోజులు తిన్నారు, వాళ్ళు ఐదు జింకల్ని వేటాడి తెచ్చారు. పిలిచినట్టు లేదు, థాంక్స్‌గివింగ్ అన్న మాటే లేదు. మేఫ్లవర్ అనే ఆ ఓడలో వచ్చిన 102 మందిలో సుమారు సగం మంది మొదటి చలికాలంలోనే పోయారు కాబట్టి ఆ వచ్చినవాళ్ళే వీళ్ళకంటే ఎక్కువ, జింకలూ వాళ్ళవే, మరి ఎవరు ఎవరికి భోజనం పెట్టినట్టు? నాలుగో క్లాస్ పిల్ల కూడా వేసే లెక్క ఇది. దాన్ని "మొదటి థాంక్స్‌గివింగ్" అన్నది 1841లో, అలెగ్జాండర్ యంగ్ అనే ఆయన, ఆ ఉత్తరం అచ్చేస్తూ ఫుట్‌నోట్‌లో. అంటే 220 ఏళ్ళకి!

ఇంక మొక్కజొన్న నేర్పిన ఆదివాసి స్క్వాంటో. స్కూల్ కథలో ఈయన ఊడిపడ్డట్టు వచ్చి ఇంగ్లీష్ మాట్లాడేస్తాడు, ఆ ఇంగ్లీష్ ఎలా వచ్చిందని ఒక్కరు అడిగినా కథ తిరగబడుద్ది. 1614లో థామస్ హంట్ అనే కెప్టెన్ ఇతన్ని ఎత్తుకుపోయి అమ్మడానికి స్పెయిన్ తీసుకెళ్ళాడు, ఎలాగో లండన్ చేరి, 1619లో తిరిగొస్తే సొంతూరు పటుక్సెట్‌లో ఒక్కళ్ళూ లేరు, అంటురోగం ఊడ్చేసింది. పిల్‌గ్రిమ్స్ తమ ఊరు ప్లిమత్ కట్టుకుంది ఆ ఖాళీ ఊరి చోటే.

వాషింగ్టన్ చిన్నప్పుడు చెర్రీ చెట్టు నరికి నిజం ఒప్పుకున్నాడన్న కథా ఇంతే (మన దగ్గర కూడా మోరల్ స్టోరీగా చెప్పేవాళ్ళు). ఆయన 1799లో పోతే, వీమ్స్ అనే పుస్తకాల వ్యాపారి తాను రాసిన ఆయన జీవితకథ 1806 ఎడిషన్‌లో ఎక్కించాడు.

అలాగని స్నేహమే లేదు, అంతా నాటకం అని చెప్పినా తప్పే. మసాసోయిట్‌తో పిల్‌గ్రిమ్స్ చేసుకున్న శాంతి ఒప్పందం యాభై ఏళ్ళకి పైనే నిలిచింది. 1675లో భూముల గొడవలు ముదిరి యుద్ధమైంది, మరుసటేడు ఆయన కొడుకు మెటాకమ్‌ని చంపి తల ప్లిమత్‌లో గుంజకి గుచ్చారు. ఆరేళ్ళ పిల్లకి ఇది చెప్పక్కర్లేదు గానీ పన్నెండేళ్ళవాడి దగ్గర దాచడం దేనికి?

టీచర్‌కి ఎదురు చెప్పకు అని పెంచే మనకి ఇదంతా కాస్త ఇబ్బందే. విన్‌స్లో ఉత్తరం నెట్‌లో ఫ్రీగానే ఉంది, పిల్లలతో కూర్చుని అందులో టర్కీ ఎక్కడుందో వెతకమనండి. వేటాడిన పక్షులు అని మాత్రమే ఉంటుంది. ఆ ఏడు అడవి టర్కీలు దండిగా దొరికాయని ప్లిమత్ గవర్నర్ బ్రాడ్‌ఫర్డ్ వేరేచోట రాశాడు, విందులో తిన్నామని మాత్రం ఆయనా రాయలేదు.