‘దేశం ఇంతగా ఎన్నడూ చీలలేదు’ అనే సందేశానికి జవాబు

కొన్ని వారాలుగా విజయనగరంలోని విశ్రాంత ఉద్యోగుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. పొద్దుట అయ్యకోనేరు గట్టు మీద నడిచేవారి నోట కూడా అదే వినిపిస్తోంది. సందేశం పొడుగైనదే కానీ అందులో ఉన్నవి అయిదు మాటలు. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి దేశం ఇంతగా ఎన్నడూ చీలలేదు. 1962, 1965, 1971 యుద్ధాల్లో ప్రతిపక్షాలు పల్లెత్తు మాట అనకుండా ప్రభుత్వం వెనుక నిలిచాయి. ఎమర్జెన్సీ నాయకుల మధ్య గొడవే తప్ప జనం ఒక్కటిగానే ఉన్నారు. పార్టీల పేరుతో ఇళ్ళూ స్నేహాలూ విడిపోవడం, ఉత్తరాంధ్ర వంటి నెమ్మదైన నేల కూడా చీలడం ఇప్పుడే చూస్తున్నాం. ఇలాగే సాగితే అంతర్యుద్ధం తప్పదు. దీన్ని నాకు పంపినవారిలో చిన్నప్పుడు చదువు చెప్పిన మాస్టారు కూడా ఉన్నారు. అందుచేత ఎగతాళి నా ఉద్దేశం కాదు. ఆయన ఆందోళన నిజమైనదే, దానికి ఆధారంగా చూపిన చరిత్ర మాత్రం నిజం కాదు.

మొదటి మాటకు పెద్ద జవాబు అక్కరలేదు. 1947లో కోటి మందికి పైగా ఇల్లూ ఊరూ విడిచి కొత్త సరిహద్దు దాటారు. చనిపోయినవారి సంఖ్యను తక్కువ అంచనా వేసేవారు కూడా రెండు లక్షలంటారు, పది లక్షలు దాటిందనేవారూ ఉన్నారు. ఆ మారణకాండ చల్లారకముందే, 1948 జనవరి 30న, గాంధీజీని ఈ దేశస్థుడే కాల్చి చంపాడు. మాటల్లో ద్వేషం ఎంత ఉందన్నది ఎవరికి వారు చేసుకునే ఊహ. ఎంతమంది చనిపోయారు, ఎంతమంది జైలుకు వెళ్ళారు, ఏ చట్టాలు నిలిచిపోయాయి, ఏ ఎన్నికలు వాయిదా పడ్డాయి అన్నవి లెక్కకు అందుతాయి. రెండు కాలాలను పోల్చదలచినవారు ఈ లెక్కతో పోల్చాలి. సందేశం రాసినవారు ఆ పని ఒక్కచోట కూడా చేయలేదు.

యుద్ధకాలపు ఐక్యత గురించిన మాటలో సగం నిజం ఉంది. 1962 నవంబరు 14న పార్లమెంటు చైనా దురాక్రమణకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానం చేసింది, ఊరూరా ఆడవాళ్ళు ఒంటి మీది బంగారం తీసి రక్షణ నిధికి ఇచ్చారు. అయితే అదే నెలలో రక్షణమంత్రి కృష్ణ మీనన్ పదవి వదులుకోవలసి వచ్చింది, అందుకు ఒత్తిడి తెచ్చినవారిలో సొంత పార్టీ ఎంపీలే ముందున్నారు. అదే నెలలో భారత రక్షణ నిబంధనల కింద కమ్యూనిస్టులను వందల సంఖ్యలో నిర్బంధించారు. మరుసటి ఏడాది వేసవిలో జరిగిన ఉపఎన్నికల్లో ప్రతిపక్ష నాయకులు కృపలానీ, లోహియా, మసానీ ముగ్గురూ ప్రభుత్వాన్ని తిడుతూ పోటీ చేసి గెలిచారు, ఆగస్టులో కృపలానీ నెహ్రూ ప్రభుత్వంపై లోక్‌సభ చరిత్రలో తొలి అవిశ్వాస తీర్మానం పెట్టారు. ‘పల్లెత్తు మాట అనలేదు’ అన్న వర్ణన ఈ సంఘటనల్లో దేనికీ సరిపోదు.

1965 ఇంకా చిక్కైన ఉదాహరణ. సెప్టెంబరులో యుద్ధం చేసిన దేశం అదే ఏడాది జనవరిలో భాష మీద రగిలింది. మద్రాసు రాష్ట్రంలో హిందీ వ్యతిరేక ఆందోళన, పోలీసు కాల్పులు, ఆత్మాహుతులు కలిసి పదుల ప్రాణాలు తీశాయి, ఇద్దరు కేంద్రమంత్రులు సి. సుబ్రహ్మణ్యం, అళగేశన్ రాజీనామాకు సిద్ధపడ్డారు. మార్చిలో కేరళ శాసనసభకు ఎన్నికలు జరిగితే మార్క్సిస్టు పార్టీ 40 స్థానాలతో అతి పెద్ద పక్షంగా వచ్చింది, ఆ గెలిచినవారిలో చాలామంది జైలు గోడల వెనుక ఉన్నారు, ఆ సభ ఒక్కసారి కూడా సమావేశం కాకుండానే రద్దయింది. కాశ్మీరులో చొరబాట్లు మొదలైన ఆగస్టు నెలలోనే శాస్త్రి ప్రభుత్వం లోక్‌సభలో ఒక అవిశ్వాస తీర్మానాన్ని ఎదుర్కొంది. అటు సరిహద్దుకు సైన్యం కదులుతూ ఉండగా ఇటు సభలో ప్రధానిని నిలదీయడం దేశద్రోహమని నాటివారు అనుకోలేదు.

1971 విజయం గురించి మన తెలుగువాళ్ళు ఒక విషయం మరచిపోతారు. ఆ ఏడాది మార్చిలో జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాల్లో పదింటిని ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజా సమితి గెలుచుకుంది. డిసెంబరులో ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన వార్తకు హైదరాబాదులో బాణాసంచా కాల్చినవారూ, ‘ఈ రాష్ట్రంలో మేం ఉండం’ అని ఓటు వేసినవారూ ఒకరే. ఒకే మనిషి ఒకే ఏడాదిలో ఈ రెండూ చేయగలడు, ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. మరుసటి ఏటికి ఆ వంతు మన కోస్తా వాళ్ళకు వచ్చింది, ఆ సంగతి కింద చెబుతాను.

ఎమర్జెన్సీ నాయకుల గొడవే అన్న మాట నాకు అన్నింటికంటె ఎక్కువ అభ్యంతరకరంగా తోచింది. 1975 జూన్ 25 రాత్రి నుంచి 1977 మార్చి 21 వరకు నిర్బంధంలోకి వెళ్ళినవారి సంఖ్యను, ఆ తరువాత ఎమర్జెన్సీ మీద విచారణ జరిపిన షా కమిషన్ లక్షకు పైగా లెక్క తేల్చింది, వాళ్ళంతా నాయకులు కారు. 1976లో జరగవలసిన లోక్‌సభ ఎన్నికలను వాయిదా వేశారు, పత్రికలు అధికారులకు చూపించి అచ్చు వేసుకున్నాయి. రోడ్డు మీద గొడవలు కనిపించని మాట వాస్తవమే. మాట్లాడితే పట్టుకుపోతారన్నప్పుడు వీధి నిశ్శబ్దంగానే ఉంటుంది, ఆ నిశ్శబ్దాన్ని ఐక్యత అని గుర్తుపెట్టుకోవడం జైల్లో ఉన్నవారిని లెక్కలోంచి తీసివేయడమే. జనం ఒక్కటిగా ఉన్నారా అన్నదానికి 1977 ఫలితాలు జవాబు చెబుతాయి. ఉత్తరప్రదేశ్‌లోని 85 స్థానాల్లో, బీహారులోని 54 స్థానాల్లో కాంగ్రెసుకు ఒక్కటీ రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 అదే కాంగ్రెసు గెలిచింది, మిగిలిన ఒక్కటి నంద్యాలలో జనతా పార్టీ తరఫున నిలిచిన నీలం సంజీవరెడ్డికి దక్కింది. ఉత్తరాది తీర్పు, దక్షిణాది తీర్పు అంత ఎడమొహం పెడమొహంగా వచ్చిన ఎన్నిక మరొకటి నాకు గుర్తు లేదు.

ఇక మన ప్రాంతం సంగతి. ఉత్తరాంధ్ర ఇన్నాళ్ళూ నెమ్మదిగా ఉండి ఇప్పుడే చీలిందన్న వాక్యం చదివినప్పుడు, రాసినవారు నక్సలైటు పోరాటంతో శ్రీకాకుళం పేరు దేశమంతా మారుమోగిన సంగతి వినలేదా అనిపించింది. అప్పటికి విజయనగరం జిల్లా లేదు, అది 1979లో ఏర్పడింది. పార్వతీపురం ఏజెన్సీ శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో జరిగే గిరిజన సంఘం సభకు వెళుతున్నవారిపై లేవిడి వద్ద భూస్వాముల మనుషులు కాల్పులు జరపగా కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. నిందితులు మరుసటి ఏడాది కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు, 1968 నవంబరు నాటికి ఉద్యమం ఆయుధం పట్టింది. దానికి నాయకత్వం వహించిన వెంపటాపు సత్యనారాయణ (సత్యం), ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళు. అటు ఉద్దానంలో జముకుల కథ చెప్పిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులోనూ, సత్యం, కైలాసం 1970 జూలై 10న బోరి కొండల్లోనూ పోలీసుల చేతిలో మరణించారు. మరోవైపు ఉద్యమకారుల చేతిలో భూస్వాములు, వడ్డీ వ్యాపారులు హతమయ్యారు. ఏజెన్సీని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు, ఊళ్ళు సాయుధ పోలీసుల పహరాలో ఉన్నాయి. ఎవరు న్యాయం, ఎవరు అన్యాయం అన్న చర్చ ఇక్కడ నా పని కాదు. కొండ మీది వాడికీ మైదానం నుంచి వచ్చిన షావుకారుకీ మధ్య ఉన్న ఆ చీలికను, నేడు రెండు పార్టీల ఫ్లెక్సీల మధ్య ఉన్న పోటీతో పోల్చి, ఇదే పెద్దదనడం ఆ కాలం చూసినవారికి వింతగా ఉంటుంది. ఆ చీలికకు కొంతైనా మందు పడింది ఉపన్యాసాలతో కాదు, ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించిన 1970 నాటి ఒకటో నంబరు నిబంధన వంటి చట్టాలతో. అమలులో లోపాలు నేటికీ ఉన్నాయి, అది వేరే వ్యాసం.

స్నేహాలు విడిపోవడం ఇప్పుడే మొదలైందన్నదీ నిలవదు. 1964 జూలైలో తెనాలిలో జరిగిన సమావేశం తరువాత కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలినప్పుడు, ఒకే గదిలో జైలు గడిపినవారు ఒకరినొకరు పలకరించుకోవడం మానేశారు. 1969లో రాష్ట్రపతి పదవికి పోటీపడిన వి.వి. గిరి, సంజీవరెడ్డి ఇద్దరూ తెలుగువారే. గిరి మన పాతపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికైనవారు. సంజీవరెడ్డి కాంగ్రెసు అధికారిక అభ్యర్థి అయినా, ‘అంతరాత్మ ప్రబోధం’ ప్రకారం ఓటు వేయమన్న ఇందిరాగాంధీ పిలుపు మీద కాంగ్రెసు ఓట్లు చీలి గిరి 15 వేల లోపు ఓటు విలువ తేడాతో గెలిచారు, ఆ ఏడాది తిరగకముందే కాంగ్రెసే రెండయింది.

ఆ తరువాత ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిన జై ఆంధ్ర ఉద్యమం. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాలను స్థానికులకే ఉంచే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక కోస్తా, రాయలసీమ భగ్గుమన్నాయి. బారువ బిడ్డ గౌతు లచ్చన్న ఆ ఉద్యమంలో ముందు నిలిచారు. ఉపముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డే రాజీనామా చేసి అందులో చేరారు, పోలీసు కాల్పుల్లో జనం చనిపోయారు, 1973 జనవరిలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. నేనప్పుడు హైస్కూలు కుర్రవాణ్ణి. నెలల తరబడి బడి లేదు, రైళ్ళు ఎప్పుడు ఆగుతాయో తెలియదు. ‘జై ఆంధ్ర’ అనేవారూ ‘సమైక్యం’ అనేవారూ ఒకే ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో పండగ జరిగేది కాదు. మా ఇంట్లో ఆ సంక్రాంతికి పెదనాన్న రాలేదు.

నలభై ఏళ్ళ తరువాత ఇదే పట్టణం మరో విభజన చూసింది. 2013 అక్టోబరు మొదటి వారంలో తెలంగాణ ఏర్పాటుకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపాక విజయనగరంలో విధ్వంసం, కర్ఫ్యూ. విద్యుత్ ఉద్యోగుల సమ్మెతో చీకట్లు. సరిగ్గా అప్పుడే ఫైలిన్ తుపాను ఒడిశా, శ్రీకాకుళం తీరాల వైపు వస్తున్నదన్న హెచ్చరిక వచ్చింది. సమ్మెలో ఉన్న విద్యుత్ సిబ్బంది విధుల్లోకి దిగారు, తుపాను అక్టోబరు 12 రాత్రి గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఉద్యమం ఆగలేదు, స్తంభాలు నిలబెట్టే పనీ ఆగలేదు. చీలిక ఉన్నచోట ఐక్యత ఉండదన్న సందేశపు లెక్కకు ఈ పది రోజులు ఎక్కడా అందవు.

అంతర్యుద్ధం అన్న పదాన్ని మాత్రం ఇంత తేలికగా వాడకూడదు. 1966 మార్చిలో మిజో తిరుగుబాటును అణచడానికి భారత వైమానిక దళం సొంత దేశపు పట్టణమైన ఐజాల్‌పై బాంబులు వేసింది. అదీ ఆ మాటకు దగ్గరగా వచ్చిన పరిస్థితి. అంత దూరం వెళ్ళిన వివాదం కూడా 1986లో ఒప్పందంతో ముగిసింది, తిరుగుబాటు నాయకుడు లాల్‌డెంగా మిజోరం ముఖ్యమంత్రి అయ్యారు. ఎన్నికల ముందు టీవీ చర్చల్లో వినిపించే కేకలకు ఆ పేరు పెడితే, నిజంగా ఆ పరిస్థితి వచ్చిన రోజున వాడడానికి మన దగ్గర మాట మిగలదు.

సందేశంలో పనికివచ్చేది ఏమీ లేదని నేను అనను. గతంతో పోలిస్తే దిగజారినది ఒకటి ఉంది, సందేశం దాన్ని ప్రస్తావించలేదు. తొలి లోక్‌సభ సగటున ఏడాదికి 135 రోజులు కూర్చుంది, 2019లో ఏర్పడిన పదిహేడో లోక్‌సభ 55 రోజులు. 1989లో ఒకే రోజు 63 మంది ఎంపీలను సస్పెండ్ చేస్తే అది పెద్ద వార్త, 2023 డిసెంబరు సమావేశాల్లో ఉభయసభల్లో కలిపి 146 మందిని సస్పెండ్ చేశారు. 1963లో కృపలానీ తీర్మానానికి మద్దతుగా పడినవి 62 ఓట్లే, ఓడిపోతుందని అందరికీ తెలిసిన ఆ తీర్మానం మీద చర్చ నాలుగు రోజులు సాగింది, నెహ్రూ కూర్చుని విన్నారు. తగవు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. తగవు పడడానికి ఏర్పాటైన చోటు ఇరుకైంది.

మాస్టారికి పంపిన జవాబులో ఈ చివరి భాగాన్నే ముందు పెట్టాను. దాని మీద ఆయన ఇంకా ఏమీ అనలేదు. 1972లో మూసిన బడిని తిరిగి తెరిచింది ఏ నెలలోనో మాత్రం నేను తప్పు రాశానని సరిదిద్దారు.