సవరణ: ఇంజెన్యుటీని నడిపింది ఎవరు?

అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యుటీ హెలికాప్టర్ గురించి మొన్న రాసినదాంట్లో "భూమ్మీద కూర్చున్న పైలట్ నడిపాడు" అని ఉంది. అది సరికాదు. సిగ్నల్ అక్కడికి చేరడానికే దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. 2021 ఏప్రిల్ 19న మొదటిసారి గాల్లో ఉన్నది 39 సెకన్లే. మనకు కబురు అందేలోపే అది దిగిపోయింది.

ఎంత ఎత్తు, ఎటు, ఎక్కడ దిగాలి అన్న ఆదేశాలు ముందే పంపేవారు. మిగతాదంతా దాని సొంత పనే. కిందికి చూసే కెమెరా సెకనుకు 30 ఫొటోలు తీస్తుంటే, నేల మీది రాళ్లు ఎటు జరుగుతున్నాయో చూసి తన వేగం లెక్కగట్టేది. ఆరోసారి ఎగిరినప్పుడు ఒక్క ఫొటో తప్పిపోయింది. ఆ తర్వాతి ఫొటోలన్నిటికీ తప్పు సమయం పడి, లెక్క తేడా కొట్టి, హెలికాప్టర్ ముందుకూ వెనక్కీ ఊగిపోయింది. అయినా దిగాల్సిన చోటికి 5 మీటర్లలోపే దిగింది. నాకైతే ఇదే అసలు ఘనత.

అందులోనే "గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి తేలిగ్గా ఎగిరింది" అన్నదీ సగం నిజమే. అక్కడి గాలి సాంద్రత మన గాలిలో దాదాపు నూరో వంతు. అందుకే 1.8 కిలోల యంత్రానికి నిమిషానికి 2,400 సార్లకు పైగా తిరిగే రెక్కలు కావాల్సివచ్చాయి.