మహారాజశ్రీ ట్రిప్టిక్ గారికి

మూడు బొమ్మలు పక్కపక్కన పేర్చితే ఒక్క చిత్రమయ్యే మూడు ముక్కల దొర ట్రిప్టిక్ గారికి, కెమెరా పట్టినవాడొకడు నమస్కరించి రాయునది ఏమనగా,

తమరు పరిచయం కాకముందు నా బతుకు ప్రశాంతంగా ఉండేది. ఫొటో మసకగా వస్తే డిలీట్ కొట్టి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు అలా కుదరదు. ఒక్క మసక ఫొటో చూపిస్తే చెయ్యి వణికిందంటారు. మూడు పక్కపక్కన పెడితే "ఏదో చెప్పదలుచుకున్నాడు" అంటారు. నేనేమీ చెప్పదలుచుకోలేదండీ, మూడుసార్లూ చెయ్యే వణికింది.

మీ వంశం గొప్పదే, కాదనను. గ్రీకులో మీ పేరుకు మూడు మడతలని అర్థం. చర్చి వేదికల మీద కొలువుండేవారు. పక్క రెక్కలు తలుపుల్లా మూసుకుని, పండగలప్పుడు తెరుచుకునేవి. పాతకాలపు చిత్రకారుడు బాష్ గీసిన మీ పూర్వీకుడొకరు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్నారు. ఆయన రెక్కలు మూస్తే బూడిదరంగు భూమి, తెరిస్తే ఎడమన ఈడెన్ తోట, కుడిన నరకం, మధ్యన జనసందోహం. అంతటి వంశంలో పుట్టి, చివరికి మా గేటు తుప్పు దగ్గరికి దిగొచ్చారు.

ఆ గేటు పై బందు కింద నీలం పెయింటు పెచ్చులూడింది. అందులోంచి తుప్పు చార ఒకటి సన్నగా జారింది. చిన్నవాటిని పెద్దగా చూపే మ్యాక్రో లెన్సుతో దగ్గరకెళ్తే అది గేటులా లేదు, విమానంలోంచి చూసిన నదిలా ఉంది. ఒక్క ఫొటోగా చూపిస్తే అందరూ "ఇదేమిటి?" అన్నారు. గేటు అనగానే లేచి వెళ్లిపోయారు. మూడు పెట్టాక ఆ ప్రశ్నే అడగలేదు. "ఈ గీత అందులోకి వెళ్లి అక్కడ ఆగిపోయిందేం?" అంటూ నిలబడిపోయారు. ఇదీ మీ మాయ. ఉన్న వస్తువును మరిపించి, లేని కథ వెతికిస్తారు.

ఈ మూడు పిచ్చి నాతో మొదలవలేదు లెండి. 1917లో ఆల్విన్ లాంగ్డన్ కోబర్న్ అనే ఫొటోగ్రాఫర్ మూడు అద్దాలు కలిపి బిగించి, వాటి గుండా ఫొటోలు తీశాడు. ఆయనకు మూడు అద్దాలతో ఒక ఫొటో వచ్చింది. నాకు ఒక గేటుతో మూడు.

ఇక నా గోడు. బాగున్న ఫొటోను మధ్యలో పెడితే పక్కవి రెండూ ద్వారపాలకులైపోతాయి. మూడూ బాగుంటే మూడూ కొట్టుకుంటాయి. మధ్యలో సందు కాస్త పెంచానా, కాపురాలు వేరుపడినట్టే. ఒకరోజు పొరపాటున ఎడమదీ కుడిదీ తారుమారు చేశాను. గీతలు చెరోవైపు బయటికి పోయాయి. మధ్య ఫొటో, అలిగిన ఇద్దరి నడుమ ఇరుక్కున్న చుట్టంలా మిగిలింది. నేను వారం రోజులు కుస్తీపట్టి పేర్చినదానికంటే అదే బాగుంది! నాకెంత కడుపు మండిందో తమరికేం తెలుసు.

గేటుకు పెయింటు వేయిద్దామని ఇంట్లో గొడవ. రెండో సెట్టుకు మూడో ఫొటో ఇంకా దొరకలేదని నేను అడ్డుపడుతున్నాను. వానలొచ్చి తుప్పు ఇంకో నాలుగు వేళ్లు జారితే సరిపోతుంది.

ఇట్లు,
రెండు ఫొటోలు చేతబట్టుకుని గేటు దగ్గర కాపలా కాస్తున్న
తమ విధేయుడు