తేట నీటికి తప్పుడు కితాబు

బీచ్ రోడ్డులో ఉదయపు నడకకు వచ్చే మిత్రుల వాట్సాప్ గ్రూపులోనూ, అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ ఒకే సందేశం తిరుగుతోంది. ఆమ్లవర్షం కొండ సరస్సులను పాడుచేస్తుందన్నది విదేశీయుల కట్టుకథ అట; ఆమ్లం పురుగులను చంపి నీటిని తేటపరిచి శుద్ధి చేస్తుందట; చేపలు నిక్షేపంగా ఉంటాయట; పీహెచ్ (తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువని చూపే కొలత) 6 నుంచి 5కు పడితే పోయేది ఒక్క అంకేనట; మరీ తేడా వస్తే సున్నం చల్లితే సరిపోతుందట.

ఆ "ఒక్క అంకె"కు ఆమ్లత్వం పదింతలవుతుంది. కట్టుకథ ఆరోపణకు జవాబు అనవసరం.

అసలు హాని "పురుగులు చస్తే శుద్ధి" అనే మాటతోనే. ఆ పురుగుల్లో ముఖ్యమైనది డాఫ్నియా. నువ్వుగింజంత ఉండే ఈ జీవిని సూక్ష్మదర్శిని కింద పెడితే కొట్టుకునే గుండె, వీపు సంచిలోని గుడ్లు కూడా కనిపిస్తాయి. నీటిలోని నాచును వడగట్టి తినేదీ, చిన్న చేపలకు మేతయ్యేదీ ఇదే. పీహెచ్ 6 కంటే దిగజారేకొద్దీ చాలా డాఫ్నియా జాతులు కనుమరుగవుతాయి. పైగా ఆమ్లవర్షం చుట్టుపక్కల నేలలోని కాల్షియాన్ని ఏళ్ల తరబడి కడిగేయడంతో, పెంకు కట్టుకోవడానికి వాటికి కాల్షియమూ కరువవుతుంది. కెనడాలో అలా కాల్షియం తగ్గిన సరస్సుల్లో జిగురు తొడుగు గల హోలోపీడియం అనే మరో చిన్న జీవి వాటి చోటును ఆక్రమించింది. నీటిని వడగట్టే జీవినే చంపి, నీరు శుద్ధి అయిందని చాటింపు వేయడానికి ఎంత ధైర్యం కావాలి!

ఇక చేపల నిక్షేపం. కొండ మీదిది కాకపోయినా, కెనడాలోని అంటారియో రాష్ట్రంలో ఉన్న 223వ నంబరు సరస్సు ఇక్కడ మంచి సాక్ష్యం. శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం 1976 నుంచి కావాలనే ఆమ్లం కలుపుతూ, దాని పీహెచ్‌ను 6.8 నుంచి 5 దాకా దించింది. పీహెచ్ ఇంకా 6 దగ్గర ఉండగానే రొయ్యను పోలిన మైసిస్ అనే చిన్న జీవి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. పెద్ద ట్రౌట్ చేపలు ఆమ్లానికి చావలేదు, మేత లేక చిక్కి శల్యమయ్యాయి. ఫిషింగ్ హార్బరులో చేపను అటూ ఇటూ తిప్పి చూసి బేరమాడే మనవాళ్లు ఆ ట్రౌట్‌ను చూసి ఏమనేవారో సందేశకర్తే ఊహించుకోవాలి.

రెండు విషయాల్లో మాత్రం ఆయన మాట కొట్టిపారేయలేను. ఆమ్లం చేరిన సరస్సులు చాలావరకు నిజంగానే తేటపడతాయి. నీటికి గోధుమరంగునిచ్చే సేంద్రియ పదార్థం తగ్గడం అందుకు ఒక కారణం. సున్నమూ పనిచేస్తుంది, స్వీడన్ వేలాది సరస్సుల్లో సున్నపురాయి పొడి చల్లించింది. అయితే పైనుంచి ఆమ్లం పడినంత కాలం మళ్లీ మళ్లీ చల్లుతూనే ఉండాలి, బాట లేని కొండకొమ్ముకు హెలికాప్టరులో మోయాలి. మధ్య ఐరోపాలోని టాట్రా పర్వతాల్లో 1980ల చివరి నుంచి ఆమ్లవర్షానికి కారణమైన గంధకపు ఉద్గారాలు తగ్గాక నీటి పీహెచ్ ముందుగా కోలుకుంది; మాయమైన సూక్ష్మజంతువులు మాత్రం ఆలస్యంగా, అదీ కొన్ని సరస్సులకే తిరిగి వచ్చాయి.