స్కూల్ లైబ్రేరియన్ నేర్చుకునే వేళ ఏది?

"స్కూల్ లైబ్రేరియన్లు కాలంతో పాటు మారడం లేదు" అనే మాట సమావేశాల్లో విన్నప్పుడల్లా నాకు మనసు కష్టంగా ఉంటుంది. ఆ మాట అనేవారు, మారడానికి కావలసిన సమయాన్ని మా టైమ్‌టేబుల్లో ఎక్కడ ఉంచారో కూడా చెప్పాలి. టీచర్ ఎవరైనా సెలవు పెడితే ఆ తరగతి పిల్లలను లైబ్రరీకే పంపుతారు. పరీక్షలొస్తే ఇన్విజిలేషన్ డ్యూటీ, ఏడాది చివర స్టాక్ వెరిఫికేషన్ ఎలాగూ ఉంటాయి. ఇవన్నీ పోగా, కొత్త సంగతులు చదువుకోవడానికి నాకు మిగిలేది ఇంట్లో అందరూ పడుకున్నాక దొరికే ఒక గంట.

సాఫ్ట్‌వేర్లు నేర్చుకోవడం మాకు కొత్త కాదు. 2007 జనవరిలో పుస్తకాల గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ 10 అంకెల నుంచి 13 అంకెలకు మారినప్పుడు రికార్డులు సరిచేసుకున్నది మా వృత్తివారే. న్యూజిలాండ్‌లో ఒక ప్రజా గ్రంథాలయ సంస్థ కోసం 1999లో మొదలైన కోహా అనే లైబ్రరీ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచమంతటా ఎందరో లైబ్రేరియన్లు ఒకరినొకరు అడుగుతూ, ఒకరికొకరు చెప్పుకుంటూ నేర్చుకున్నారు. అయితే ఎంతో శ్రమపడి నేర్చుకున్న సాధనం మనతో ఎంతకాలం ఉంటుందో చెప్పలేం. బ్రౌజర్లలో బొమ్మల పాఠాలు, ఆటలు నడిపే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కు 2020 డిసెంబర్ 31తో మద్దతు ఆగిపోయాక, దాని మీద తయారుచేసుకున్న పాఠాలు మామూలు బ్రౌజర్లలో తెరుచుకోవడం మానేశాయి. అందుకే ఆ ఒక్క గంటను కొత్త యాప్‌ల వెంట పడటానికి ఖర్చు చేయలేనని నేను గట్టిగా నిర్ణయించుకున్నాను.

నా దృష్టిలో అసలైన మార్పు మేము పిల్లలకు నేర్పే పద్ధతిలో రావాలి. ఒక వెబ్ పేజీని నమ్మవచ్చా లేదా అని చూడటానికి నేను ఏళ్ల తరబడి ఒక పట్టిక నేర్పాను: రచయిత పేరు ఉందా, తేదీ ఉందా, అక్షరదోషాలు ఉన్నాయా, వెబ్ చిరునామా చివర ఏముంది (.com, .org లాంటివి). అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో వెలువరించిన పరిశోధన చదివాక ఆ పట్టిక మీద నాకు నమ్మకం సడలింది. వారు 10 మంది చరిత్రకారులను, నిజానిజాలు సరిచూడటమే వృత్తిగా ఉన్న 10 మంది ఫ్యాక్ట్ చెకర్లను, 25 మంది విద్యార్థులను కూర్చోబెట్టి, వెబ్‌సైట్లను ఎలా అంచనా వేస్తారో గమనించారు. చదువుకున్న చరిత్రకారులు కూడా పేజీ హంగులకు తరచుగా మోసపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం ఆ పేజీలో ఎక్కువసేపు ఉండకుండా, పక్కన కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో వెతికారు. తక్కువ సమయంలో సరైన అంచనాకు వచ్చారు. నేను నేర్పుతున్నది దాదాపు దీనికి వ్యతిరేకమైన దారి.

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక ఆ పాత పట్టిక పూర్తిగా చేతులెత్తేసింది. ఒకరోజు ఎనిమిదో తరగతి అమ్మాయి ప్రాజెక్టు కోసం చాట్‌జీపీటీ ఇచ్చిన ఐదు పుస్తకాల జాబితా పట్టుకొని వచ్చింది. రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం అన్నీ ఉన్నాయి, ఒక్క అక్షరదోషం కూడా లేదు. ఇద్దరం పక్కపక్కన కూర్చొని మా కేటలాగులోనూ, తరువాత ప్రపంచ గ్రంథాలయాల ఉమ్మడి కేటలాగు వరల్డ్‌క్యాట్‌లోనూ ఒక్కొక్కటే వెతికాం. రెండు పుస్తకాలు ఎక్కడా దొరకలేదు. "కానీ మేడమ్, సంవత్సరం కూడా ఇచ్చింది కదా!" అంది ఆ అమ్మాయి. ఆ నమ్మకం పిల్లకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, ఎందుకంటే తేదీ ఉందో లేదో చూడమని చెప్పింది నేనే.

ఇలాంటి తప్పు దిద్దుకోవడానికి అరగంట వెబినార్, దాని చివర ఇచ్చే సర్టిఫికెట్ చాలవు. పరిశోధన చదవాలి, మరో పాఠశాల లైబ్రేరియన్‌తో మాట్లాడాలి, సైన్స్, సోషల్ టీచర్లతో కలిసి పాఠం తయారుచేసుకోవాలి. పాఠశాల కొనబోయే యాప్ పిల్లల పుట్టిన తేదీని, వారు చదివిన పుస్తకాల వివరాలను ఎక్కడ దాచుకుంటుందో షరతులన్నీ చదివి చెప్పాలి. కొన్న తరువాత పాస్‌వర్డ్ చేతికిచ్చి నేర్చుకోమంటే, వద్దని చెప్పే అవకాశం మాకు ఎక్కడుంది? గ్రంథాలయం ఎదిగే జీవి అని మన దేశ గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే చెప్పారు. ఆ ఎదుగుదలను చూసుకోవలసిన మనిషికి పనివేళల్లో చదువుకునే తీరిక ఇవ్వకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

లామినేట్ చేసి గోడకు తగిలించిన ఆ పాత పట్టికను గత నెలలో తీసేశాను. వారానికి రెండు పీరియడ్లు ఏ తరగతినీ పంపకుండా వదలమని, టీచర్లకు ఇచ్చే శిక్షణలో నన్నూ కూర్చోనివ్వమని రాతపూర్వకంగా అడిగాను. జవాబు ఇంకా రాలేదు, వచ్చేవరకు అడుగుతూనే ఉంటాను.